క్యాన్సర్ చికిత్సలో మీ ఫైలు మీరే చదువుకోవడం ఎలా?

నా మొదటి పెట్ స్కాన్ రిపోర్టు రాత్రి పదకొండు గంటలకు ఫోన్‌లోకి వచ్చింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఆగలేక తెరిచాను. మొత్తం నాలుగు పేజీలు. మూడో పేజీలో "రెండు కిడ్నీల్లో, మూత్రాశయంలో ఎఫ్‌డీజీ అప్‌టేక్" అన్న వాక్యం దగ్గర నా చూపు ఆగిపోయింది. రొమ్ములో ఉన్న గడ్డ అక్కడిదాకా పాకిందనుకున్నాను. తెల్లవారేదాకా కుర్చీలోనే కూర్చున్నాను.

మర్నాడు డాక్టరు గారు అదే వాక్యం మొదట్లో ఉన్న ఒక మాట మీద పెన్ను పెట్టి చూపించారు. "ఫిజియలాజికల్" అని ఉంది. శరీరం రోజూ మామూలుగా చేసుకునే పని అని దానర్థం. పెట్ స్కాన్‌కి ముందు ఎక్కించే ఎఫ్‌డీజీ ఒక రకం గ్లూకోజు, దాన్ని కణాలు పీల్చుకోవడమే అప్‌టేక్. అది మూత్రంలోనే బయటికి పోతుంది కాబట్టి కిడ్నీలు, మూత్రాశయం ఎవరికైనా స్కాన్‌లో వెలుగుతాయి. ఆ మాట రాత్రి నా కళ్ల ముందే ఉన్నా నాకు ఆనలేదు.

రిపోర్టు అనేది ఒక డాక్టరు ఇంకో డాక్టరుకు రాసే ఉత్తరం. అందులో మనకు ధైర్యం చెప్పే మాటలుండవు, మనల్ని భయపెట్టాలన్న ఉద్దేశమూ ఉండదు. ఆ సంగతి తెలిసి చదివితే అందులోంచి మనకు కావాల్సింది తీసుకోవచ్చు. "నాకేమవుతుంది?" అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివితే మాత్రం ప్రతి పేజీ గుచ్చుకుంటుంది. డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు ఏరుకోవడానికే చదవండి. పక్కన పెన్సిల్ పెట్టుకోండి.

1. కాగితాలన్నీ మీ చేతికి తెచ్చుకోండి

డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఉంటే చాలదు. అది అసలు రిపోర్టులు చూసి ఎవరో క్లుప్తంగా తిరగరాసింది. ఎత్తిరాసేటప్పుడు అంకెలు తారుమారు కావచ్చు. అందుకని మూలం కావాలి: బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ తర్వాత వచ్చిన పాథాలజీ రిపోర్టు, సర్జన్ రాసిన ఆపరేషన్ నోట్స్, ప్రతి స్కాన్ రిపోర్టు, రక్త పరీక్షలు, కీమో చార్టు, రేడియేషన్ సమ్మరీ, ఓపీలో డాక్టరు రాసిన నోట్స్. పెద్ద ఆసుపత్రుల్లో సర్జన్, ఆంకాలజిస్టు, రేడియేషన్ డాక్టరు కలిసి కూర్చుని మీ కేసు మాట్లాడుకునే సమావేశం ఉంటుంది, ట్యూమర్ బోర్డు అంటారు. అక్కడ తీసుకున్న నిర్ణయం కాపీ కూడా అడగండి.

స్కాన్‌లకు రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకుని రావద్దు. బొమ్మలున్న సీడీ గానీ, డౌన్‌లోడ్ లింకు గానీ తీసుకోండి. తర్వాతి స్కాన్ ఇంకోచోట తీయించుకుంటే అక్కడి రేడియాలజిస్టు పాత బొమ్మలతోనే పోల్చి చూడాలి. కాగితం మీద ఉన్న సెంటీమీటర్లతో పోలిస్తే ఆ పని సరిగ్గా జరగదు.

మీ శరీరంలోంచి తీసిన ముక్కను మైనంలో పెట్టి దాచిన బ్లాకులు, దాన్నుంచి కోసిన స్లైడ్లు ల్యాబ్‌లో ఉంటాయి. పాథాలజీ రిపోర్టు పైన ఆ నమూనా నంబరు ఉంటుంది. సెకండ్ ఒపీనియన్ తీసుకోవాలన్నా, కొత్త జన్యు పరీక్ష చేయించాలన్నా ఆ నంబరే ఆధారం. దాన్ని విడిగా రాసి పెట్టుకోండి.

2. తేదీల వరుసలో పేర్చి, పైన ఒక పట్టిక పెట్టండి

ఇది విసుగు పుట్టించే పని. అయినా మిగతా పనులన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఇదే. పాతది కిందికి, కొత్తది పైకి వచ్చేలా పేర్చండి. ఫైలు మొదట్లో ఒక తెల్లకాగితం పెట్టి తేదీ, ఏం జరిగింది, ఒక్క వాక్యంలో ఫలితం రాయండి.

తేదీ రాసేటప్పుడు రిపోర్టు ఇచ్చిన రోజు కాకుండా నమూనా తీసిన రోజు గానీ, స్కాన్ తీసిన రోజు గానీ వేయండి. రెండిటికీ మధ్య పది పదిహేను రోజుల తేడా రావచ్చు. కీమోకి ముందు తీసిన రక్తమా, తర్వాత తీసిందా అన్నది తెలియకపోతే రక్తకణాల కౌంట్స్‌కి అర్థమే మారిపోతుంది.

రిపోర్టు చివర "ప్రొవిజనల్" అని ఉందా "ఫైనల్" అని ఉందా చూడండి. ప్రొవిజనల్ అయితే ఇంకా మారొచ్చు. "అడెండం" అని, అంటే రిపోర్టుకు తర్వాత చేర్చిన భాగంగా, విడిగా వచ్చిన కాగితాన్ని అసలు రిపోర్టుకే పిన్ను చేసి పెట్టండి, ఎందుకంటే చాలాసార్లు చికిత్సను నిర్ణయించే పరీక్ష ఫలితం ఆ అడెండంలోనే వస్తుంది.

3. ఎప్పుడు తెరవాలో ముందే అనుకోండి

ఫోన్‌లోకి రిపోర్టు వచ్చిన శబ్దం వినగానే వేలు దానంతటదే అటు పోతుంది. పరీక్షకి వెళ్లే రోజే నిర్ణయించుకోండి: డాక్టరు చెప్పేముందు చదువుతారా, చెప్పాక చదువుతారా? రెండూ సరైన పద్ధతులే. ముందే చదివేవాళ్లు ప్రశ్నలతో సిద్ధంగా వెళ్తారు. చెప్పాక చదివేవాళ్లకు ఆ మధ్య రోజుల్లో నిద్ర పడుతుంది. నా మట్టుకు నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. రాత్రి తెరవను. మర్నాడు డాక్టరు దొరకని రోజున తెరవను. మనకు బదులు ముందు చదివి, మనం అడిగినంతవరకే చెప్పే మనిషి ఇంట్లో ఒకరుంటే ఇంకా మంచిది.

అసలు చదవకూడదనుకునే హక్కు కూడా మీకుంది. అప్పుడు ఈ పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. ఎవరో ఒకరు మాత్రం చదవాలి.

4. పాథాలజీ రిపోర్టు: నిదానంగా చదవాల్సింది ఇదే

ఫైలు మొత్తానికి పునాది ఇది. ఏ క్యాన్సర్, ఎంత, ఎలాంటిది అన్నది సూక్ష్మదర్శినిలో చూసి చెప్పేది పాథాలజిస్టే. రిపోర్టులో మూడు భాగాలు కనిపిస్తాయి. "గ్రాస్" అంటే కంటికి కనిపించినది: ముక్క ఎంత పొడవు, ఏ రంగు, ఎక్కడ కోశారు. "మైక్రోస్కోపీ" అంటే కణాలు ఎలా ఉన్నాయి. ఆఖర్న "ఇంప్రెషన్" లేదా "ఫైనల్ డయాగ్నసిస్". మొదటిసారి నేరుగా ఆఖరికి వెళ్లండి, తర్వాత పైకి రండి.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వచ్చే రిపోర్టు ఆఖరి భాగం ఇలా ఉంటుందనుకుందాం: "ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 2, 2.4 సెం.మీ., మార్జిన్స్ నెగటివ్, ఎల్‌వీఐ ప్రెజెంట్, నోడ్స్ 2/14, పీటీ2 పీఎన్1ఏ." ఈ ఒక్క వరుసను విడదీద్దాం. "డక్టల్ కార్సినోమా" అంటే పాలగొట్టంలో మొదలైన క్యాన్సర్.

"ఇన్వేసివ్" అంటే పుట్టిన గొట్టం గోడ దాటి చుట్టుపక్కలకు చొచ్చుకుపోయింది. "ఇన్ సిటు" అని ఉంటే గోడ దాటలేదు. ఒకే రిపోర్టులో రెండూ ఉండొచ్చు, అప్పుడు చికిత్సకు లెక్కలోకి వచ్చేది ముఖ్యంగా ఇన్వేసివ్ భాగమే.

"గ్రేడ్ 2" అంటే కణాలు మామూలు కణాల పోలికకు ఎంత దూరం జరిగాయన్న కొలత. రొమ్ములో మూడు లక్షణాలకు మార్కులేసి కూడతారు. మొత్తం 3 నుంచి 5 వస్తే గ్రేడ్ 1, 6 గానీ 7 గానీ వస్తే గ్రేడ్ 2, 8 లేదా 9 అయితే గ్రేడ్ 3. ప్రోస్టేట్‌లో పద్ధతి వేరు. అక్కడ గ్లీసన్ స్కోరు చూస్తారు. 3+4, 4+3 రెండూ కూడితే 7 అయినా రెండూ ఒకటి కావు. ఎక్కువ భాగంలో కనిపించిన రకాన్ని ముందు రాస్తారు కాబట్టి 4+3 కాస్త తీవ్రమైనది. అందుకే మొదటిది గ్రేడ్ గ్రూప్ 2, రెండోది 3.

గ్రేడ్ వేరు, స్టేజి వేరు. కణాల స్వభావాన్ని గ్రేడ్ చెబుతుంది, జబ్బు ఎంతవరకు వ్యాపించిందో స్టేజి చెబుతుంది. గ్రేడ్ 3 అని చూసి స్టేజి 3 అనుకుని కుంగిపోయినవాళ్లను కీమో వార్డులో నేను చూశాను. ఈ గందరగోళంలోకి మూడో 3 కూడా వచ్చి చేరుతుంది. కీమో వల్ల వచ్చే ఇబ్బందులకు కూడా 1 నుంచి 5 దాకా గ్రేడ్లుంటాయి. నోట్స్‌లో "గ్రేడ్ 3 న్యూట్రోపీనియా" అని ఉంటే తెల్లకణాలు బాగా తగ్గాయని అర్థం, దానికీ గడ్డకూ సంబంధం లేదు.

"మార్జిన్స్ నెగటివ్" అన్నది మంచి వార్త. కోసి తీసిన ముక్క అంచులకు పాథాలజిస్టు రంగు సిరా పూస్తారు. ఆ సిరా దగ్గర క్యాన్సర్ కణాలు లేకపోతే నెగటివ్, ఉంటే పాజిటివ్. "క్లోజ్" అంటే అంచును తాకలేదు కానీ దగ్గరగా ఉంది. అప్పుడు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో, మళ్లీ కోయాలా, రేడియేషన్ సరిపోతుందా అని అడగాలి. కొన్ని రిపోర్టుల్లో ఇదే సంగతిని ఆర్0, ఆర్1 అని రాస్తారు. ఆర్0 అంటే అంచులు శుభ్రం.

"ఎల్‌వీఐ ప్రెజెంట్" అంటే చిన్న రక్తనాళాల్లో గానీ లింఫ్ నాళాల్లో గానీ క్యాన్సర్ కణాలు కనిపించాయి. వేరే అవయవానికి పాకిందని దీనర్థం కాదు. కీమో, రేడియేషన్ విషయంలో నిర్ణయం తీసుకునేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు.

"నోడ్స్ 2/14" లో కింది అంకె తీసి పరీక్షించిన లింఫ్ గ్రంథులు, పై అంకె వాటిలో క్యాన్సర్ ఉన్నవి. దీన్ని తేదీ అనుకుని వదిలేసినవాళ్లున్నారు.

ఇక "పీటీ2 పీఎన్1ఏ". టి అంటే గడ్డ, ఎన్ అంటే గ్రంథులు, ఎం అంటే దూరపు అవయవాలకు వ్యాప్తి. అంకె పెరిగేకొద్దీ పరిమాణం గానీ వ్యాప్తి గానీ ఎక్కువ. రొమ్ములో టి2 అంటే 2 సెం.మీ. దాటి 5 సెం.మీ. లోపు. అదే టి2 పెద్దపేగులో అయితే గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు వెళ్లిందో చెబుతుంది, సెంటీమీటర్లతో పనిలేదు. అందుకే ఒక క్యాన్సర్ పట్టిక తెచ్చి ఇంకో క్యాన్సర్‌కు వేసుకోకూడదు. అంకె ఉండాల్సిన చోట ఎక్స్ ఉంటే చెప్పడానికి వీలుకాలేదని అర్థం.

ముందున్న చిన్న అక్షరం కూడా ముఖ్యమే. "సీ" ఉంటే డాక్టరు చేత్తో పరీక్షించి, స్కాన్లు చూసి వేసిన అంచనా. "పీ" ఉంటే ఆపరేషన్‌లో తీసిన ముక్కను చూసి తేల్చినది. "వైపీ" ఉంటే ముందు కీమో గానీ రేడియేషన్ గానీ ఇచ్చి, ఆ తర్వాత కోసి చూసినది. సీటీ3 గా ఉన్నది వైపీటీ1 అయిందంటే మందు పనిచేసిందన్నమాట. "వైపీటీ0 వైపీఎన్0" అని వస్తే తీసిన ముక్కలో ఇన్వేసివ్ క్యాన్సర్ ఏమీ మిగల్లేదు.

దీని తర్వాత రంగుల పరీక్షల ఫలితాలుంటాయి, ఐహెచ్‌సీ అంటారు. ఇక్కడ పాజిటివ్ అన్నది మంచో చెడో ముందే అనుకోకండి. ఈఆర్ (కణం మీద ఈస్ట్రోజెన్ హార్మోన్ అంటుకునే చోటు) పాజిటివ్ అంటే హార్మోన్ మాత్రలు పనిచేసే అవకాశం ఉంది, అంటే చేతిలో ఇంకో ఆయుధం ఉన్నట్టే. హెర్2 అనే ప్రోటీన్‌కి 0, 1+, 2+, 3+ అని మార్కులు. 3+ పాజిటివ్. 2+ అంటే తేలలేదు, ఫిష్ అనే ఇంకో పరీక్ష చేసి తేల్చాలి. మీ ఫైలులో 2+ ఉండి ఫిష్ ఫలితం కనపడకపోతే, ఆ ఒక్క ప్రశ్న కోసమైనా డాక్టరుకు ఫోన్ చేయండి. దాని మీదే ఏడాది పాటు తీసుకునే ఒక మందు ఆధారపడి ఉండొచ్చు.

5. స్కాన్ రిపోర్టు

ముందు రిపోర్టులో "కంపారిజన్" అన్న చోట ఏముందో చూడండి. ఏ తేదీ స్కాన్‌తో పోల్చారో అక్కడుంటుంది. అక్కడ ఏమీ లేకపోయినా, రెండేళ్ల కిందటి స్కాన్‌తో పోల్చినా రిపోర్టు బలం తగ్గుతుంది. మీ దగ్గర మధ్యలో తీసిన సీడీ ఉంటే తీసుకెళ్లి మళ్లీ పోల్చమని అడగవచ్చు.

"ఫైండింగ్స్" అన్న భాగంలో ఊపిరితిత్తుల నుంచి వెన్నుపూసల దాకా కనిపించిన ప్రతిదీ రాస్తారు. కాలేయంలో చిన్న నీటితిత్తి, కిడ్నీలో ఇసుకంత రాయి, వయసుతో వచ్చే ఎముకల అరుగుదల అన్నీ వస్తాయి. వాటికీ క్యాన్సర్‌కూ చాలావరకు సంబంధం ఉండదు. రేడియాలజిస్టు ముఖ్యం అనుకున్నవి "ఇంప్రెషన్"లో ఉంటాయి. ఫైండింగ్స్‌లో ఉండి ఇంప్రెషన్‌లో లేనిదేదైనా మీకు అనుమానంగా అనిపిస్తే పెన్సిల్‌తో గుండ్రం చుట్టి పెట్టుకుని అడగండి. ఎక్కువసార్లు "అది ఏమీ కాదు" అనే జవాబు వస్తుంది. ఒక్కోసారి "మంచిదైంది అడిగారు" అంటారు.

ఈ రిపోర్టుల్లో మాటలు మనం వాడే అర్థంలో ఉండవు. "అన్‌రిమార్కబుల్" అంటే చెప్పుకోదగ్గ లోపమేమీ లేదు, అంతా మామూలుగా ఉంది. "ఇండిటర్మినేట్" అంటే ఇదీ అని తేల్చలేని మచ్చ. "కెనాట్ బి ఎక్స్‌క్లూడెడ్" అంటే పూర్తిగా కొట్టిపారేయలేం, అంతవరకే. ఉందని మాత్రం అనడం లేదు. "క్లినికల్ కోరిలేషన్" అంటే మీ ఒంట్లో లక్షణాలతో కలిపి చూసుకోమని మీ డాక్టరుకు చెబుతున్నారు. "లీజన్" అంటే చుట్టుపక్కల కంటే వేరుగా కనిపించిన చోటు, ఆ మాట ఒక్కటే ఉంటే క్యాన్సర్ అని కాదు.

"స్టేబుల్ డిసీజ్" అన్న మాట చాలామందిని నిరాశపరుస్తుంది. ఇక్కడ కొంచెం లెక్క తెలిస్తే మంచిది. గట్టి గడ్డల విషయంలో ఎక్కువగా వాడే కొలతల పద్ధతి ప్రకారం, ఎంచుకున్న గడ్డల పొడవులన్నీ కూడితే వచ్చే మొత్తం కనీసం 30 శాతం తగ్గితేనే "పార్షియల్ రెస్పాన్స్" అంటారు. అప్పటిదాకా అన్నిటికంటే తక్కువగా నమోదైన మొత్తం మీద కనీసం 20 శాతం, అదీ 5 మి.మీ.కి తగ్గకుండా పెరిగితే "ప్రోగ్రెసివ్ డిసీజ్" అంటారు. కొత్త గడ్డ కనిపించినా అంతే. ఈ రెండిటి మధ్యలో ఉన్నదంతా స్టేబులే. మొత్తం 60 మి.మీ. ఉన్నది 40 కి వస్తే 33 శాతం తగ్గింది, పార్షియల్ రెస్పాన్స్. 50 కి వస్తే తగ్గింది 17 శాతమే, రిపోర్టులో స్టేబుల్ అని వస్తుంది. గడ్డ చిన్నదైనా రిపోర్టులో ఆ మాట రావచ్చు కాబట్టి మాట పట్టుకుని ఆగకుండా కొలతలు చూడండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా మాత్రం కొలిచే చెయ్యి మారినా వస్తుంది, దానికి టెన్షన్ పడకండి.

పెట్ స్కాన్‌లో "ఎస్‌యూవీ" అనే అంకె ఆ చోటు గ్లూకోజును ఎంత పీల్చుకుందో చెబుతుంది. మెదడు, గుండె, కిడ్నీలు, మూత్రాశయం మామూలుగానే వెలుగుతాయి. ఇన్‌ఫెక్షన్, మానుతున్న ఆపరేషన్ గాయం, ఈమధ్య టీకా వేయించుకున్న చేతి వైపు చంక గ్రంథులు కూడా వెలుగుతాయి. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ తీసుకున్న కొత్తలో ఎముక మజ్జ అంతటా వెలుగు రావచ్చు. కాబట్టి స్కాన్‌కి వెళ్లేటప్పుడే ఈమధ్య టీకా, జ్వరం, ఇంజెక్షన్ లాంటివేమైనా ఉంటే అక్కడ చెప్పండి. వేరే వేరే మెషీన్ల మీద తీసిన ఎస్‌యూవీ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

6. రక్త పరీక్షలు: గీత దాటిందా అని కాకుండా ఎటు పోతోందో చూడండి

రిపోర్టులో కుడివైపున ఉండే మామూలు పరిధి ఆరోగ్యవంతుల్లో 95 శాతం మందికి వచ్చే అంకెలతో వేసింది. అంటే ఒక్కో పరీక్షలో ఏ జబ్బూ లేని ఇరవైమందిలో ఒకరికి కూడా అంకె ముదురు అక్షరాల్లో వస్తుంది. కీమోలో ఉన్నవాళ్లకు ప్రతిసారీ కొన్ని వస్తాయి. అందుకే నాలుగైదు రిపోర్టుల అంకెలు పక్కపక్కన రాసి చూడాలి.

కీమో రోజుల్లో మీరు స్వయంగా వేసుకోగలిగిన లెక్క ఒకటుంది, ఏఎన్‌సీ. ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కొనే న్యూట్రోఫిల్ కణాలు నిజంగా ఎన్ని ఉన్నాయో అది చెబుతుంది. మొత్తం తెల్లకణాల సంఖ్యను న్యూట్రోఫిల్ శాతంతో గుణించి 100 తో భాగించాలి. తెల్లకణాలు 2,800, న్యూట్రోఫిల్స్ 40 శాతం అయితే 2,800 × 40 ÷ 100 = 1,120. చాలా కీమో మందులకు ఇది 1,000 గానీ 1,500 గానీ దాటి ఉండాలని చూస్తారు. ఆ గీత మందును బట్టి, చికిత్స ఉద్దేశాన్ని బట్టి మారుతుంది. 500 కంటే తగ్గితే ఇన్‌ఫెక్షన్ ప్రమాదం చాలా ఎక్కువ. ఎక్కువ మందులకు కీమో ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య కౌంట్ అట్టడుగుకు వెళ్లి మళ్లీ లేస్తుంది. ఆ రోజుల్లో ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ తాకితే రిపోర్టులు చదువుతూ కూర్చోవద్దు. జ్వరం మాత్ర వేసుకుని తగ్గుతుందేమోనని చూడొద్దు. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి, అర్ధరాత్రయినా సరే.

కౌంట్ పెంచే ఇంజెక్షన్ తర్వాత తెల్లకణాలు ఒక్కసారిగా 20,000 దాటి కనిపించవచ్చు. అది మందు ప్రభావం.

యూనిట్లు గమనించండి. ఒక ల్యాబ్ 2,800 అని వేసింది ఇంకో ల్యాబ్ 2.8 అని వేస్తుంది. ప్లేట్‌లెట్లు 1.5 లక్షలన్నా 150 అన్నా ఒకటే. ఎస్‌జీపీటీ, ఏఎల్‌టీ రెండూ ఒకే పరీక్ష పేర్లు, అలాగే ఎస్‌జీఓటీ, ఏఎస్‌టీ.

ట్యూమర్ మార్కర్ల గురించి, అంటే క్యాన్సర్ ఉన్నప్పుడు పెరిగే అవకాశమున్న, రక్తంలో కొలిచే పదార్థాల గురించి నాకు గట్టి అభిప్రాయముంది. ఫైలులో మనిషిని అనవసరంగా ఎక్కువ బాధపెట్టే కాగితం ఇదే. సీఈఏ అనే మార్కరు పొగతాగేవాళ్లలో ఎక్కువగా ఉంటుంది. సీఏ 125 నెలసరి సమయంలోనూ, కడుపులో వాపు వచ్చినా పెరుగుతుంది. సీఏ 19-9 పిత్తనాళం మూసుకుపోతే పెరుగుతుంది, ఇంకోపక్క కొందరి శరీరంలో పుట్టుకతోనే అది తయారుకాదు. చికిత్స మొదలుపెట్టిన కొత్తలో కణాలు చచ్చి మార్కరు పెరిగి, ఆ తర్వాత దిగడం కూడా జరుగుతుంది. ఒక్క అంకెను చూసి నిర్ణయానికి రావద్దు. ఒకే ల్యాబ్‌లో చేయించండి, వరుసగా మూడు అంకెలు వచ్చాకే అవి ఎటు పోతున్నాయో మాట్లాడుకోండి.

7. కీమో, రేడియేషన్ చార్టులు

వీటిని భయం లేకుండా చదవొచ్చు, ఇవి ఏం ఇచ్చారన్న లెక్కలే. "సీ3 డీ1" అంటే మూడో సైకిల్ (విడత) మొదటి రోజు. కీమో మందుల డోసు ఎక్కువగా ఎత్తు, బరువులతో లెక్కగట్టిన ఒంటి వైశాల్యాన్ని బట్టి ఇస్తారు. అందుకని చార్టు పైన మీ బరువు సరిగ్గా ఉందో లేదో ప్రతి సైకిల్‌లో చూడండి. రెండు నెలల్లో ఏడెనిమిది కిలోలు తగ్గి, చార్టులో పాత బరువే కనిపిస్తే నర్సుకు చెప్పండి. కార్బోప్లాటిన్‌కి డోసు కిడ్నీల పనితీరును బట్టి కడతారు, అందుకే ఒక్కో సైకిల్‌కి అంకె మారొచ్చు. "80 శాతం డోసు" అని ఉంటే ఎందుకు తగ్గించారో అడిగి పక్కన రాసుకోండి.

డాక్సోరుబిసిన్ లాంటి మందులకు జీవితకాలం మొత్తానికి ఒక హద్దు ఉంటుంది, దాటితే గుండె దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. సాధారణంగా చదరపు మీటరుకు 450 నుంచి 550 మి.గ్రా. మధ్య ఆ గీత గీస్తారు. 60 చొప్పున నాలుగు సైకిళ్లు తీసుకుంటే 240 అయినట్టు. ఈ మొత్తాన్ని పదేళ్ల తర్వాత ఇంకో డాక్టరు అడగవచ్చు, రాసి దాచండి. దానితోపాటు కీమోకి ముందు తీసిన గుండె స్కాన్ (ఎకో) రిపోర్టు, అందులో గుండె రక్తాన్ని ఎంత బాగా పంపుతోందో చెప్పే ఎల్‌వీఈఎఫ్ శాతం కూడా.

రేడియేషన్‌లో కొలత గ్రే. "50 గ్రే, 25 ఫ్రాక్షన్స్" అంటే రోజుకు 2 గ్రే చొప్పున 25 సార్లు. ఏ భాగానికి, ఏ వైపు ఇచ్చారో సమ్మరీలో ఉండేలా చూసుకోండి.

8. డాక్టర్ల నోట్స్‌లో మాటలు

"పేషంట్ డినైస్ పెయిన్" అంటే మీరు అబద్ధం చెప్పారని కాదు, నొప్పి లేదన్నారని అర్థం. "కంప్లెయిన్స్ ఆఫ్" అంటే ఫిర్యాదు కాదు, ఫలానా బాధ ఉందని చెప్పారు. "ఫెయిల్డ్ ఫస్ట్ లైన్" అని చదివినప్పుడు మనసు చివుక్కుమంటుంది. పనిచేయనిది మొదట ఇచ్చిన మందు. మీరు ఓడిపోయినట్టు కాదు.

"అడ్జువెంట్" అంటే ఆపరేషన్ తర్వాత, "నియో అడ్జువెంట్" అంటే ఆపరేషన్‌కి ముందు. "ఎన్ఈడీ" అంటే పరీక్షల్లో జబ్బు ఆనవాళ్లు కనిపించలేదు. "ఈసీఓజీ" పక్కన ఉండే 0 నుంచి 4 దాకా అంకెలు మీ పనులు మీరు ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో చెబుతాయి. 0 అంటే ఎప్పటిలాగే, 4 అంటే పూర్తిగా మంచానికే పరిమితం. ఈ అంకెను బట్టి కీమో బలం నిర్ణయిస్తారు కాబట్టి అది మీ అసలు పరిస్థితికి సరిపోతోందా చూడండి. డాక్టరు ముందు ఓపిక తెచ్చుకుని నిటారుగా కూర్చుంటాం. ఇంట్లో రోజులో సగం పడుకునే గడుపుతుంటే ఆ మాట చెప్పాలి.

"ఇంటెంట్" అన్న మాట పక్కన "క్యూరేటివ్" అని గానీ "పాలియేటివ్" అని గానీ ఉంటుంది. మొదటిది జబ్బును పూర్తిగా తీసేయాలన్న ఉద్దేశంతో చేసే చికిత్స. రెండోది జబ్బును అదుపులో పెట్టి, బాధ తగ్గించి, ఆయుష్షు పెంచే ఉద్దేశంతో చేసేది. పాలియేటివ్ అంటే చికిత్స ఆపేశారని కాదు. అలా ఏళ్ల తరబడి మందులు తీసుకుంటూ బతికేవాళ్లున్నారు. కానీ ఆ మాటను కాగితం మీద ఒంటరిగా చూడటం కష్టం. అందుకే ముందే డాక్టర్ని నేరుగా అడగండి: "ఈ చికిత్స ఉద్దేశం ఏమిటండీ?"

9. తప్పు కనిపిస్తే

నా రెండో డిశ్చార్జి సమ్మరీలో ఎడమ రొమ్ము అని ఉండాల్సిన చోట కుడి అని ఉంది. ఆపరేషన్ సరైన వైపే జరిగింది, టైపు చేసేటప్పుడు పొరపడ్డారు. పోనీలే అనుకుని ఉంటే, రేడియేషన్ విభాగానికి అదే కాగితం వెళ్లేది. నేను పాథాలజీ రిపోర్టు, సమ్మరీ పక్కపక్కన పెట్టి రెండు చోట్లా ఆ మాట కింద గీత గీసి తీసుకెళ్లాను. పది నిమిషాల్లో సరిదిద్ది సంతకం పెట్టిన కొత్త కాపీ ఇచ్చారు. పాత కాపీ మీద అడ్డంగా గీత కొట్టి ఫైలు వెనక పెట్టాను.

ముఖ్యంగా చూడాల్సినవి: పేరు, వయసు, కుడి ఎడమ, పడని మందుల జాబితా, మీరు ఇప్పుడు వాడుతున్న మందులు, బరువు, గడ్డ కొలత, గ్రంథుల అంకె. ఒక నోట్సులో పడిన తప్పు తర్వాతి నోట్సుల్లోకి కాపీ అవుతూ పోతుంది, ఎంత తొందరగా పట్టుకుంటే అంత మేలు. నోటిమాటగా చెప్పి వచ్చేయకుండా రాతపూర్వకంగా ఇవ్వండి. రిపోర్టులో ఉన్న వైద్య అభిప్రాయమే మీకు తప్పనిపిస్తే దాన్ని దిద్దమని అడగడం కుదరదు, సెకండ్ ఒపీనియన్‌కి స్లైడ్లు పంపమని అడగవచ్చు.

10. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే కాగితం

చదివేటప్పుడు పెన్సిల్ గుర్తులు పాతికైనా అవుతాయి. అన్నీ అడిగే సమయం ఉండదు. మూడు ఎంచుకుని, ముఖ్యమైనది ముందు రాయండి. ప్రశ్నలో ఆ పేజీ, ఆ మాట ఉండాలి. "నా రిపోర్టు ఎలా ఉందండీ?" అని అడిగితే "బాగానే ఉంది" అని జవాబు వస్తుంది. "ఈ నెల 4 న తీసిన సీటీలో కుడి ఊపిరితిత్తిలో 6 మి.మీ. మచ్చ అన్నారు, మార్చిలో తీసినదాంట్లో అది ఉందా? దీనివల్ల చికిత్స మారుతుందా?" అని అడిగితే డాక్టరు స్క్రీన్ మీద రెండు బొమ్మలూ తెరిచి చూపిస్తారు. జవాబు అక్కడే, ఆ ప్రశ్న కిందే రాసుకోండి. వెంట వచ్చినవాళ్ల చేత రాయిస్తే ఇంకా నయం, మనం వింటూ రాయలేం.

చికిత్స అయిపోయిన వారంలోనే ఒక్క పేజీ తయారు చేయండి: ఏ క్యాన్సర్, ఏ స్టేజి, ఆపరేషన్ తేదీ, పాథాలజీ నమూనా నంబరు, తీసుకున్న మందుల పేర్లు, వాటి మొత్తం డోసు, రేడియేషన్ ఎన్ని గ్రే, ఎక్కడ, ఏ మందు పడలేదు, తర్వాతి పరీక్షలు ఏవి, ఎప్పుడెప్పుడు. దాన్ని మీ ఆంకాలజిస్టుకు చూపించి సరిచూసి సంతకం పెట్టమనండి. ఒక ఫొటో మీ ఫోన్‌లో, ఇంకొకటి ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఉంచండి. నాది ఒక కాపీ పర్సులో మడిచి పెట్టుకున్నాను.